ఎండిన మొక్కను పీకి చూడండి
(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



పత్తికొండ వైపు బుడ్డలంటారు, పులివెందుల వైపు శెనక్కాయలంటారు. పేరేదైనా, విత్తిన నెలకు చేనులో అక్కడక్కడా మొక్కలు పసుపెక్కి వాడిపోతాయి. వాన లేక ఎండిందనుకుంటాం. నేనూ అట్లే అనుకున్నా. ఒకరోజు మొక్క పట్టుకుంటే ఊరికే ఊడొచ్చింది. కింద వేరు లేదు. తవ్వితే తెల్లగా, కొడవలి మాదిరి వంగిన వేరుపురుగు. అంతకుముందు ఎన్నేండ్ల నష్టాన్ని కరువు ఖాతాలో రాసుకున్నానో!

2018లో మొక్కజొన్న మీదికి కత్తెర పురుగు వచ్చినప్పుడు ఆకులు చూసి అందరం గుర్తుపట్టాం. ఇది కొత్తగా వచ్చిన పురుగు కాదు, కానీ నేలలో ఉంటుంది కాబట్టి లెక్కకు రాదు. 1995-97లో శాస్త్రవేత్తలు దక్షిణాది వేరుశనగ చేలు తవ్వి చూస్తే, దాదాపు సగం చేలల్లో నష్టం కలిగించే స్థాయిని మించి ఉంది.

దీని తల్లి పెంకు పురుగు. తొలకరి వాన పడినాక, పొద్దుగూకితే మన్నులోంచి లేచి వేప, రేగు చెట్లెక్కి ఆకు మేస్తుంది. తెల్లారేలోగా మళ్లీ నేలలో దూరుతుంది, అక్కడే గుడ్లు పెడుతుంది. ఏడాదికి ఒకటే తరం. ఆ కొద్ది రాత్రులు దాటితే మనకు చిక్కదు. నా గట్టు మీది వేపను నేనొక్కణ్ణే దులిపితే లాభం లేదు, మీ వేప మీది పురుగు నా చేలోకి వస్తుంది.

అందుకే ఊరికి ఐదుగురు కావాలి. వాన పడిన సాయంత్రం టార్చిలైట్లతో పోయి, చెట్టు కింద పట్ట పరిచి కొమ్మలు ఊపండి. రాలినవి లెక్కపెట్టి కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేయండి. విత్తిన మూడు నాలుగు వారాలకు చేనులో ఐదు చోట్ల, మీటరు పొడవు మీటరు వెడల్పున జానెడు లోతు తవ్వి చూడండి. ఒక్క పురుగున్నా రాయండి. లేకుంటే సున్నా రాయండి. ఖాళీగా వదిలితే ఆ చేను చూశామో లేదో తెలియదు. ఎర్రనేలా నల్లనేలా, విత్తనశుద్ధి చేశారా, పచ్చి పేడ తోలారా, ఇవీ రాయండి. కలుపు తీసే ఆడవాళ్లను అడగండి, ఊడొచ్చే మొక్క మొదట వాళ్ల చేతికే తగులుతుంది.

ఒకసారి ఎండిన మొక్కలు పట్టుకొని ఒక ఆఫీసుకు పోయినా. "ఎన్ని ఎకరాల్లో ఉంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. వాళ్ల దగ్గరా లేదు.

నోటు పుస్తకాలు ఆ బల్ల మీద ఉన్నాయి, ఊరికొకటి తీసుకపోండి. టార్చిలైట్లలో బ్యాటరీలు ఇప్పుడే వేసి పెట్టుకోండి.