దగ్గు తగ్గిన తరువాత కడుపు
కరోనా దినములలో, 2020లోను 2021లోను, సారపాక వారు గోదావరి వంతెన దాటి భద్రాచలం ఆసుపత్రికి పోవుట మనమెరుగుదుము. ఆ వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. అయినను ప్రపంచమంతట ఆసుపత్రులలో చేరిన కరోనా రోగులలో నూటికి సుమారు 75 మందికి ఆ మందు లిచ్చిరనియు, బాక్టీరియా సోకి అవి అవసరమైనవారు 8 మందియేననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో తెలిపినది.

ఆ మందు ప్రేగులలోని మేలుచేయు క్రిములనుగూడ చంపును. అప్పుడు క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసీల్ అను క్రిమి పెరిగి, విషమును వెలువరించి, నీళ్ల విరేచనములు కలిగించును. ముసలివారికిది ప్రాణాంతకము కావచ్చును. దీని బీజములు శానిటైజరుకు చావవు. సబ్బుతో, నీటితో చేతులు కడిగి వానిని వదిలించుకొనవలెను.

యాంటీబయాటిక్ వాడిన పిమ్మట రోజుకు మూడుమార్లుగాని, అంతకు మించిగాని నీళ్ల విరేచనములైనచో వెంటనే వైద్యునికి తెలుపుదము. మిగిలిన మాత్రలను దాచి జలుబుకు మ్రింగకుందము.