గడులు లెక్కించి కుట్టుట - తొలిపాఠము



సాంస్కృతిక సంఘపు వేదికపై సాహిత్యమును గురించియో సంగీతమును గురించియో ప్రసంగింపవలసినవాడు సూదిని, దారమును చేతబట్టుకొని నిలిచినాడేమని కొందరు విస్తుపోవచ్చును. సూదిపని స్త్రీలదని మనలో పాతుకొన్న అభిప్రాయము. అది ఎంతవరకు నిజమో పిదప మనవి చేసెదను. ముందు పని సంగతి.

క్రాస్ స్టిచ్ అను ఈ కుట్టునకు చిత్రలేఖనము రానక్కరలేదు. గుణకారపు గుర్తువలె రెండు ఏటవాలు దారములు ఒకదానిపై నొకటి పడినచో ఒక కుట్టు. గడికి ఒక కుట్టు. గీయుట లేదు, లెక్కించుటయే కలదు. చుక్కల ముగ్గు పెట్టగల ఇల్లాలికిని, జమాఖర్చులు తప్పులేక వ్రాయగల గుమాస్తాకును ఇందులో సగము విద్య ముందే వచ్చియున్నది. మన పొరుగున ధార్వాడ ప్రాంతమున స్త్రీలు కుట్టు కసూతి ఇట్టిదే. గుడ్డపై ముందుగా ఏ గీతయు గీయక, నేతపోగులనే లెక్కించి కుట్టుదురు. అందలి నాలుగు విధముల కుట్లలో ఈ గుణకారపు కుట్టునకు మెంతి కుట్టని పేరు. ఆ మెంతి మన మెంతియే.

కావలసిన సామగ్రి స్వల్పము. గడులు స్పష్టముగా కనబడు మ్యాటీ గుడ్డ గాని, ఐడా గుడ్డ గాని కొనవలెను. ఐడా గుడ్డను అంగుళమునకు ఇన్ని గడులని చెప్పి అమ్ముదురు. 11, 14, 16, 18 గడుల రకములు కలవు. కొత్తవారికి 14 గడులది చాలును, చూపు మందగించినవారికి 11 మేలు. దారపు లచ్చిలో ఆరు పోగులు కలిసియుండును. 14 గడుల గుడ్డకు రెండు పోగులు, 11 గడులదానికి మూడు పోగులు తీసికొనవలెను. ఆరింటిని కలిపి కుట్టినచో గుడ్డ ఉబ్బి, గడులు మూసికొనిపోవును. దారము ఒక మూరకు మించరాదు. పొడవైన దారము చిక్కుపడును, మాటిమాటికి గుడ్డలో దూరి నూగు లేచును. సూది మొన మొద్దుగా, బెజ్జము పెద్దదిగా ఉండవలెను. వాడి మొన నేతపోగులను చీల్చును.

గుడ్డ ఎంత కావలెనన్నది చిన్న భాగహారము. 70 గడుల వెడల్పుగల బొమ్మకు 14 గడుల గుడ్డపై 5 అంగుళములు పట్టును. చుట్టును మూడేసి అంగుళములు విడువవలెను గనుక 11 అంగుళముల గుడ్డ కావలెను. దానిని నిలువుగా ఒకసారి, అడ్డముగా ఒకసారి మడచినచో నడిమి గడి తెలియును. బొమ్మ నడుమనుండియే కుట్టుట ఆరంభించిన ఒక ప్రక్క గుడ్డ చాలకపోవుట యుండదు. పది గడులకొక పోగు వదులుగా వేసికొన్నచో లెక్క తప్పదు.

దారమునకు ముడి వేయరాదు. వెనుక అంగుళమంత కొస విడిచి, మొదటి నాలుగైదు కుట్లక్రింద దానిని అణచివేయవలెను. వరుసలో ముందు ఒకవైపు ఏటవాలు కుట్లన్నియు వేసికొనుచు పోయి, తిరిగి వచ్చునపుడు రెండవవి వేయుట సుఖము. నియమము ఒక్కటే: పైన పడు దారము గుడ్డ అంతటను ఒకే దిక్కునకు వాలవలెను. ఒకచోట కుడికి, ఒకచోట ఎడమకు వాలినచో వెలుగు చెదరి, రంగులెంత మంచివైనను పని మాసినట్లు కనబడును. దారమును బిగించి లాగరాదు. మెలిక పడినపుడు సూదిని వ్రేలాడవిడిచిన అదియే విప్పుకొనును.

ఇక ఏమి కుట్టవలెను? అంగడులలో దొరకు నమూనాలలో గులాబీలు, కుక్కపిల్లలు, మంచుకప్పిన కుటీరములు విస్తారము. వానిని కాదనను. కాని ఇంగ్లండు మొదలగు దేశములలో బాలికలు ఈ కుట్టుతో చిరకాలము కుట్టినవి అక్షరములు. దుప్పట్లపై, తువాళ్ళపై యజమాని పేరు మొదటి అక్షరములు గుర్తువేయుటకు ఇది ఉపయోగపడెను గనుక దీనికి గుర్తు కుట్టు అను పేరే కలిగెను. 1596లో పుట్టిన ఆలిస్ లీ అను శిశువు జన్మమును స్మరించి జేన్ బోస్టాక్ అను ఆమె 1598లో అక్షరమాలతో కుట్టిన గుడ్డ లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమున నేటికిని కలదు.

మనమేల తెలుగు అక్షరములను కుట్టరాదు? పరప్రాంతమున పెరుగుచున్న మన పిల్లలు తెలుగు చక్కగా మాటలాడుచున్నను, చాలమంది తమ పేరును తెలుగున వ్రాసికొనలేరు. పలకపై దిద్దుమన్న పరుగెత్తు పిల్లవాడు రంగుదారములన్నచో వచ్చి కూర్చుండును. చిక్కు ఒకటున్నది. రోమను లిపి గీతలమయము, గడులలో ఇట్టే ఒదుగును. మన లిపి గుండ్రన. గుండ్రమును గడులలో మెట్లుమెట్లుగా కట్టవలెను. నాలుగు గడుల చదరమున నాలుగు మూలలు విడిచి, అంచున ఎనిమిది కుట్లు వేసిన సున్న వచ్చును. దూరమునుండి మూలలు కనబడవు, గుండ్రమే కనబడును. లెక్కల పుస్తకపు గళ్ళకాగితముపై పెన్సిలుతో ముందు కట్టి చూచుకొనవలెను. తలకట్టునకు పైన, వత్తులకు క్రింద ప్రత్యేకముగా వరుసలు విడువవలెను. అందుచేత మొదట రమ, లత వంటి పేర్లతో ఆరంభించుట మంచిది. కృష్ణ అను పేరుగలవాడు కొంచెము ఓపిక పట్టవలసినదే!

పురుషుల సంగతి చెప్పెదనంటిని. అలెక్సిస్ కాస్డాగ్లి అను బ్రిటిషు మేజరు 1941లో క్రీటు ద్వీపమున జర్మనులకు బందీగా చిక్కెను. చెరలో తోటి బందీ ఇచ్చిన గుడ్డముక్కపై, చినిగిన ఉన్నిచొక్కానుండి విప్పిన దారములతో ఆయన ఆ డిసెంబరునందే ఒక క్రాస్ స్టిచ్ పటము కుట్టెను. దాని అంచున చుక్కలు, గీతలు వరుసగా తీర్చెను. కావలివారికి అది ముచ్చటగా తోచి, శిబిరములలో ప్రదర్శింపజేసిరి. ఆ చుక్కలు, గీతలు తంతివార్తల మోర్సు లిపి. వానిలో తమ రాజునకు దీవెనయు, హిట్లరునకు పచ్చి తిట్టును కలవని వారికి తెలియలేదు. ఆ మేజరు చేతిలోనిది మన ఇండ్లలోని సూది వంటిదే.

ముగిసిన పనిని చల్లని నీట ఉతికి, తువాలుపై బోర్లించి ఇస్త్రీ చేయవలెను. ఎఱ్ఱదారము రంగు దిగునేమో ముందుగా తడిగుడ్డతో అద్ది చూడుడు. మూలను పేరును, సంవత్సరమును కుట్టుట మరువరాదు. మన అవ్వలు, అమ్మలు కుట్టిన దిండు గలీబులలో ఏది ఎవరిదో చెప్పగలవారు నేడు లేరు.

గళ్ళకాగితముపై కట్టిన అచ్చులు, కొన్ని హల్లులు ఈ బల్లపై ఉంచితిని. గుడ్డముక్కలును, సూదులును కలవు. పిల్లలను ముందు రానిండు.