గూడబాతుల గూళ్లు, ఫొటోలు తీయువారు
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలములో తేలినీలాపురమను గ్రామము కలదు. ఏటేటా సెప్టెంబరు మొదలు మార్చి వరకు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఆ ఊరి చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచును. సమీపమున సముద్రతీరపు నౌపడా బురదనేలలు వాటికి మేతభూములు. పక్షులు రాని ఏడు ఊరికి మంచిది కాదని గ్రామస్థుల నమ్మకము. ఆ నమ్మకమే వాటికి కంచె. అవి సైబీరియా నుండి వచ్చునని పలువురు చెప్పుదురు. అది పొరపాటు. మన గూడబాతు భారతదేశము, శ్రీలంక, ఆగ్నేయాసియా దేశముల పక్షి. ఎంత చెప్పినను ఆ మాట పోవుట లేదు.

ఫొటోలు తీయుట నాకు చిరకాలపు అలవాటు. తొలిరోజులలో చేసిన తప్పొకటి మీ ముందు చెప్పుకొనవలెను. కోస్తాలోని ఒక గ్రామమున, గూటిలోని పిల్లల ముఖములు స్పష్టముగా రావలెనను ఆశతో చెట్టు క్రిందికి పోయితిని. తల్లిపక్షులు ఒక్కపెట్టున లేచినవి. అంతవరకు ఎక్కడ నుండెనో, కాకులు దిగి రెండు గూళ్లలోని గ్రుడ్లను పొడిచినవి. ఈకలు రాని పిల్ల యొకటి ఎండకు నోరు తెరచి రొప్పుచుండెను. అయినను పావుగంట సేపు అచ్చటనే యుంటిని. “నీ బొమ్మ కోసం వాటి కొంప తీశావు గదా, నాయనా!” అని ఆ ఊరి ముసలమ్మ యొకతె అన్నది. ఫొటో చక్కగనే వచ్చినది. ఇంతవరకు ఎవరికిని చూపలేదు.

గూడబాతు సాధారణముగా మూడు నాలుగు గ్రుడ్లు పెట్టి, నెల దినములు పొదుగును. పిల్ల ఎగురుటకు మరి మూడు నెలలైనను పట్టును. మంచి ఫొటోకు గూటి చెంతకు పోనక్కరలేదు. తెల్లవారగనే సూర్యుని వీపునకు పెట్టుకొని మేత మడుగు గట్టున దూరముగా కూర్చున్నచో పక్షులే ఎదుటికి వచ్చును. నీటిపై వ్రాలునపుడు పాదములు ముందుకు చాచి జారు తీరు చూడదగినది. సెకనులో వెయ్యవ వంతు వేగమున తీసినగాని అది చిత్రములో నిలువదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షుల గూళ్లను కలతపెట్టుటను వేటగా ఎంచినది. ఈ సంగతి బోర్డుపై వ్రాయించుడు. ఫొటోలు తీయువారు దాటరాని హద్దు నిర్ణయించుడు. డ్రోనులను రానీయకుడు.

అసలు చిక్కు వేరొకటి కలదు. గూళ్లున్న చింతచెట్టు యజమానికి కాయల రాబడి పోవును. రెట్టలకు చెట్టే ఎండిపోవచ్చును. ఆ నష్టము ఒక్కనిపై పడనిచ్చిన, గొడ్డలి పట్టెనని అతనిని నిందించుట న్యాయము కాదు. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామమందలి గూడబాతుల గూళ్లను గూర్చి కె. కె. నీలకంఠన్ 1949లో వ్రాసెను. పిదప ఆ గూళ్లు అచ్చట నిలువలేదు. కొల్లేటి ఆటపాకలో నేడవి ఇనుప స్టాండ్లపైనను గూళ్లు కట్టుచున్నవి.

చూడవచ్చువారి నుండి రుసుము తీసికొనుటకు వీలున్నచోట, అందు కొంత చెట్ల యజమానులకు చెందునట్లు తీర్మానించుడు. సెప్టెంబరునకు ముందు జరుగు గ్రామసభలో ఈ అంశము చేర్చి, వారిని పిలువుడు. వారు రాకున్నచో మీరే వారి ఇండ్లకు పోయి మాటలాడుడు.