సముద్రం దాటని సర్టిఫికెట్

(డిగ్లీపూర్‌లో విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



పన్నెండో తరగతి పాసయ్యాక స్కాలర్‌షిప్ దరఖాస్తు పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్లాను. కుల ధ్రువీకరణ పత్రం అడిగారు. ఎస్సీ అని చెప్పాను. "అండమాన్‌లో ఎస్సీలు లేరమ్మా" అన్నాడు గుమస్తా. ఆయనేమీ ఎగతాళి చేయలేదు. కాగితం మీద ఆ మాట నిజమే. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో షెడ్యూల్డ్ కులాల సంఖ్య సున్నా.

341వ అధికరణ ప్రకారం ఏ రాష్ట్రానికి, ఏ కేంద్రపాలిత ప్రాంతానికి ఆ జాబితాను రాష్ట్రపతి ప్రకటించాలి. అండమాన్‌కు షెడ్యూల్డ్ తెగల జాబితా 1959లో వచ్చింది. షెడ్యూల్డ్ కులాల జాబితా మాత్రం లేదు.

మా తాత శ్రీకాకుళం జిల్లా మాలపేట నుంచి కూలి పనికి వచ్చాడు. ఓడ ఎక్కినంత మాత్రాన కులం ఒడ్డున ఆగిపోలేదు. పెళ్లి సంబంధాల దగ్గర ఇక్కడి తెలుగువాళ్లందరికీ అది గుర్తుకొస్తుంది. స్కాలర్‌షిప్ దగ్గరే మాయమవుతుంది.

ఇది మన ఒక్కళ్ల గోడు కాదు. ఈ చుట్టుపక్కల స్థిరపడిన తూర్పు బెంగాల్ శరణార్థుల్లో చాలామంది నామశూద్రులు. 1946లో బాబాసాహెబ్‌ను బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకు గెలిపించడానికి నడుం కట్టిన జోగేంద్రనాథ్ మండల్ ఆ కులం నాయకుడే. పశ్చిమ బెంగాల్‌లో వాళ్లు ఎస్సీలు. ఇక్కడ కారు.

తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖర రావు బొంబాయిలో ఎస్టీ కోటా కింద మెడికల్ సీటు అడిగితే, ఒక రాష్ట్రంలోని హోదా మరో రాష్ట్రానికి వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. తండ్రికి సొంత రాష్ట్రంలో వచ్చిన పత్రం చూపిస్తే పిల్లలకు వలస వచ్చినచోట ధ్రువీకరణ ఇవ్వవచ్చని కేంద్ర హోంశాఖ సూచనలున్నాయి. మా నాన్న ఇక్కడే పుట్టాడు, ఆయనకు ఆ పత్రమే లేదు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇవ్వాల్సింది విద్యార్థి స్థిరనివాసం ఉన్న ప్రభుత్వం. అక్కడికి వెళ్తే నివాసం అడుగుతారు, ఇక్కడ జాబితా లేదంటారు. రెంటికీ చెడ్డ రేవడి బతుకు మనది.

డిగ్లీపూర్ పిల్లలు డిగ్రీకి మాయాబందర్‌కో పోర్ట్‌బ్లెయిర్‌కో పోవాలి. ఫీజు కన్నా గది అద్దె, తిండి ఖర్చే ఎక్కువ. మా అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టింది కాబట్టి నేను చదివాను. తాకట్టుకు ఏమీ లేని నా స్నేహితురాలు రెండో ఏడు మానేసింది.

1913లో బాబాసాహెబ్ బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్లతో కొలంబియాలో చదివారు. 1942లో వైస్రాయి కౌన్సిల్‌లో చేరాక మన పిల్లల చదువుకు ప్రభుత్వ సొమ్ము కావాలని పట్టుబట్టారు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. రాజు దయను ప్రభుత్వ బాధ్యతగా మార్చడానికి ఆయన పోరాడారు. మనం మళ్లీ దయ దగ్గరికి వెళ్లకూడదు.

అందుకే మూడు పనులు చేద్దాం. తాత ముత్తాతల స్కూలు రికార్డులు, భూమి కాగితాలు ఏవున్నా ఈ సెలవుల్లోనే వెతకండి. సొంత మండలంలో నాన్న పేరు మీద పత్రానికి దరఖాస్తు పెట్టించండి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. నోటిమాటతో తిప్పి పంపితే మన దగ్గర ఏ ఆధారమూ మిగలదు. ఆ కాగితాలన్నీ ఒకచోట చేర్చి, తెలుగు, బెంగాలీ పిల్లలం కలిసి ఈ దీవులకు ఎస్సీ జాబితా కావాలని అడుగుదాం.

పరిశోధకులకు ఒక విన్నపం: ఆ సున్నాను మీ పట్టికల్లో అలాగే దింపేయకండి. దాని వెనక ఎవరున్నారో వచ్చి చూడండి.

జై భీమ్.