క్షేమ సమాచారాలు

ఉత్తరం "క్షేమం" అని మొదలుపెట్టాలని మన తెలుగు మాస్టారు నేర్పారు. ఇంజనీరుని కాబట్టి ఆ మాట లెక్క చెబుతాను. ఒక ఎస్సెమ్మెస్‌కి దక్కేది 140 బైట్లే. ఇంగ్లీషైతే 160 అక్షరాలు పడతాయి. తెలుగైతే 70 సంకేతాలే. "క్షే" ఒక్కటే అందులో నాలుగు తినేస్తుంది! పైగా చాలా ఫోన్లలో తెలుగు బదులు డబ్బాలు కనపడేవి. అందుకే పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడం మొదలుపెట్టారు. తప్పు వాళ్లది కాదు, మా ఇంజనీర్లదే.

వాట్సాప్‌లో ఆ ఇరుకు లేదు. అలవాటు మాత్రం ఉండిపోయింది. మా అబ్బాయి బెంగళూరు నుంచి రోజూ వాళ్ల నానమ్మకు మెసేజ్ పెడతాడు. హాస్టల్లో ఉన్నప్పుడు నేను ఇంటికి అన్ని ఉత్తరాలు రాయలేదు, ఒప్పుకోవాలి. కానీ అమ్మకు తెలుగే వచ్చు. చదివిపెట్టమని, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా ఫోన్ పట్టుకుని కూర్చునేది.

మొన్న దసరాకు వాడొచ్చినప్పుడు వాడి ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టించాను. వెళ్లిన రెండ్రోజులకు అమ్మకు మెసేజ్ వచ్చింది: "నానమా, తినావా?" ఒత్తులు లేవు. అమ్మ నన్ను పిలవలేదు. తనే చదువుకుంది.