నేల మార్చినవాడి వాటా

 

పట్టాలిచ్చే ఇలాంటి సభల్లో పెద్ద పెద్ద కలలు కనమని చెప్పడం రివాజు. నేను ఒక కంపెనీ సంగతి చెబుతాను. బీకాం చదివినవాళ్లకు లెక్కగా పనికొస్తుంది. ఇంటి దగ్గర మామిడి తోటో, శనగ చేనో ఉన్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువే పనికొస్తుంది.

2004లో హైదరాబాద్‌లో శ్రేష్ఠ నాచురల్ బయోప్రొడక్ట్స్ అనే కంపెనీ మొదలైంది. పెట్టినాయన రాజ్ శీలం. వ్యవసాయశాస్త్రం చదివి, అహ్మదాబాద్ ఐఐఎంలో మేనేజ్‌మెంట్ చేసిన మనిషి. ‘24 మంత్ర’ పేరుతో కందిపప్పు, బియ్యం, పసుపు, పిండి అమ్మారు. రసాయనం లేని సేంద్రియ పంట అని చెప్పి నాలుగు రూపాయలు ఎక్కువ అడిగితే జనం నవ్వే రోజులవి. 2025 ఏప్రిల్‌లో ఐటీసీ ఆ కంపెనీని మొత్తంగా కొంటున్నట్టు ప్రకటించింది. ధర 472.5 కోట్ల రూపాయల దాకా. అందులో 400 కోట్లు ముందుగా, మిగతాది తర్వాతి రెండేళ్లలో. అప్పటికి పది రాష్ట్రాల్లో సుమారు 27,500 మంది రైతులు, 1.4 లక్షల ఎకరాలు ఆ కంపెనీతో ముడిపడి ఉన్నాయి. ఏడాది అమ్మకాలు 300 కోట్లు దాటాయి.

ఈ అంకెలు చూసి చప్పట్లు కొట్టకండి. ముందు, ఇరవయ్యేళ్లు ఎందుకు పట్టిందో అడగండి.

మన దేశంలో సేంద్రియ ధ్రువీకరణకు 2001 నుంచి ఒక జాతీయ నియమావళి ఉంది. దాని ప్రకారం శనగ, కొర్ర లాంటి ఏడాది పంటకైతే విత్తడానికి ముందు రెండేళ్లు ఆ నేలలో రసాయనం పడకూడదు. మామిడి లాంటి చెట్లకైతే కోతకు ముందు మూడేళ్లు. ఆ మార్పిడి కాలంలో పండిన పంటను సేంద్రియమని అమ్మడానికి వీల్లేదు. మొదట్లో దిగుబడి తగ్గవచ్చు, ఎక్కువ ధర మాత్రం రాదు. అంటే కంపెనీ పెరగాలంటే ముందు రైతు ఓర్చుకోవాలి. ఈ ఓర్పు ఏ బ్యాలెన్స్‌షీటులోనూ ఆస్తిగా కనబడదు. బీకాం వాళ్లు గమనించండి.

ఆ తర్వాత కాగితం. చిన్న రైతు ఒక్కడే సర్టిఫికెట్ ఖర్చు భరించలేడు కాబట్టి గుంపులుగా చేరతారు. ఏ విత్తనం, ఎక్కడ కొన్నాడు, ఏ ఎరువు వేశాడు, పక్క చేనులో ఏం పంట, గట్టు అవతలివాడు మందు కొడితే గాలి ఎటు వీచింది, అన్నీ రాసిపెట్టాలి. గుంపులోని ప్రతి పొలాన్నీ లోపలి తనిఖీదారు తిరిగి చూడాలి. ఆపైన బయటి సంస్థవాళ్లు వచ్చి కొన్నింటిని ఎంచి చూస్తారు. ఎవడో ఒకడు రాత్రికి రాత్రి మందు కొట్టి రాయకపోతే, గుంపు గుంపంతా అనుమానంలో పడుతుంది. 2020లో యూరప్‌కు వెళ్లిన మన దేశపు నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ అనే రసాయనం దొరికింది. సేంద్రియమని రాసి పంపిన సరుకులోనూ దొరికింది. దాంతో యూరప్ మన ధ్రువీకరణ సంస్థలు కొన్నింటి గుర్తింపు రద్దు చేసింది. తప్పు ఎవరిదైనా, దెబ్బ నిజంగా కష్టపడ్డ రైతుకూ తగిలింది. సేంద్రియ కంపెనీ అమ్మేది కందిపప్పు ఒక్కటే కాదు, ఆ పప్పు వెనకున్న నోట్‌బుక్కు కూడా.

కొనేవాళ్ల సంగతీ చెప్పాలి. 24 మంత్ర ఎదుగుదలలో అమెరికాలోని భారతీయ సరుకుల కొట్లకు పెద్ద పాత్ర ఉంది. అక్కడ మనవాళ్లు పిల్లల కోసం ఆ ప్యాకెట్ తీసుకుంటారు. అదే మనిషి సెలవులకు ఊరికొచ్చినప్పుడు సంతలో కిలోకు రెండు రూపాయలు తగ్గించమని గంటసేపు బేరమాడతాడు, అది వేరే సంగతి.

ఇక నా అసలు ప్రశ్న. ఒక కంపెనీ అమ్ముడైతే వచ్చే డబ్బు వాటాదారులకు చెందుతుంది. అది న్యాయమే, పెట్టుబడి పెట్టినవాళ్లు నష్టానికీ సిద్ధపడ్డారు. అయితే రెండుమూడేళ్లు మామూలు ధరకే అమ్ముకుని నేలను మార్చినవాడు కూడా పెట్టుబడి పెట్టినట్టే కదా! అతని చేతిలో ఉండేది కొనుగోలు ఒప్పందమేగానీ వాటాపత్రం కాదు.

దీనికి చట్టంలో ఒక దారి ఉంది. ఉత్పత్తిదారుల కంపెనీ అన్నది 2002 సవరణతో కంపెనీల చట్టంలోకి వచ్చింది. పది మంది రైతులు చాలు, కంపెనీ పెట్టుకోవచ్చు. మనిషికొక ఓటు. వాటాలు రైతుల మధ్యే మారాలి, బయటివాడు వచ్చి కొనుక్కుపోలేడు. హైదరాబాద్‌లో ‘సహజ ఆహారం’ అలా నడుస్తోంది. ఇందులో ఇబ్బంది కూడా దాచను. బయటివాడు కొనలేని కంపెనీలో బయటివాడు డబ్బూ పెట్టడు. గోడౌనుకు, గ్రేడింగ్ యంత్రానికి, ఆరు నెలల అరువుకు సొమ్ము ఎక్కడిది? చాలా సంఘాలు ఇక్కడే ఆగిపోతాయి. రెండు దారుల్లో ఏది మేలని అడిగితే, నేను రైతుల కంపెనీ వైపే ఉంటాను. కానీ దాన్ని నడపడానికి లెక్కలు తెలిసిన మనుషులు కావాలి. అందుకే ఈ మాట మీతో అంటున్నాను.

పండించడంలో మనం వెనకబడలేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి వచ్చింది. నేల శాస్త్రవేత్త రతన్ లాల్‌తోనూ, ఈజిప్టులోని సెకెమ్ సంస్థతోనూ కలిపి ఇచ్చారు. సెకెమ్ 1977లో ఎడారిలో మొదలైంది. ఇసుకలో పంట తీసినవాళ్ల పక్కన మన రైతుల పేరు నిలవడం చిన్న సంగతి కాదు. మన మండలాల్లో ఆడవాళ్ల సంఘాలు ఘనజీవామృతం చేస్తున్నాయి, నవధాన్యాలు చల్లుతున్నాయి. నంద్యాల పరిశోధనా కేంద్రం ‘సూర్యనంది’ కొర్రను ఇచ్చింది, యంత్రంతో కోయడానికి వీలైన ‘ధీర’ శనగనూ ఇచ్చింది. పండించడం మనకు తెలుసు. తూకం వేసి, రాసి, మన పేరుతో అమ్మడమే మిగిలింది.

మామిడి సంగతి మరీ విచిత్రం. 2017లో బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు దక్కింది. బనగానపల్లె, పాణ్యం, నంద్యాల మండలాలే దాని పుట్టిల్లని దరఖాస్తులో రాశారు. ఢిల్లీ వాడైనా, దుబాయ్ వాడైనా మన బనగానపల్లె పేరు చెప్పి పండు కొంటున్నాడు. మరి తోట? పూతకు ముందే గుత్తకు పోతుంది. మందు ఎన్నిసార్లు కొట్టాలో, పూత కోసం కల్టార్ మందు ఎంత పోయాలో గుత్తదారు నిర్ణయం. ఏడాదికో రెండేళ్లకో తోట తీసుకున్నవాడికి మూడేళ్ల మార్పిడితో పనేముంది? అతన్ని తిట్టి లాభం లేదు, అతని లెక్క అతనిది. గుత్త పద్ధతి మారనంతకాలం సేంద్రియ బంగినపల్లి పెద్ద ఎత్తున రాదని నా అభిప్రాయం. పండు ఈగకు ఎర బుట్టలు కట్టడం, కాయలకు కవర్లు తొడగడం, కార్బైడ్ లేకుండా మాగేయడం, ఇవన్నీ తెలిసిన పనులే. తెలియనిది, తోట యజమానులు ఇరవై మంది కలిసి గుత్తదారుతో ఒకే కాగితం మీద మాట్లాడటం.

మీలో కొందరు హైదరాబాద్, బెంగళూరు వెళతారు. వెళ్లండి, అందులో తప్పేం లేదు. వెళ్లేముందు ఒక పని చేయండి. ఈ ఏడు తోట గుత్తకు ఎంతకిచ్చారో నాన్ననడగండి. అదే తోట కాయ మండీలో ఎంత పలికిందో కనుక్కోండి. రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. పూతకు ముందు గుత్తదారు వచ్చినప్పుడు, మాట్లాడేది పెద్దవాళ్లే అయినా, ఆ కాగితం పట్టుకుని మీరూ అరుగు మీద కూర్చోండి.