కాళ్ళతో చదవవలసిన ఊరు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు పావుగంట ఇచ్చారు. రిటైరయ్యాక ఇచ్ఛాపూర్‌లో స్థిరపడ్డవాణ్ణి కాబట్టి సూరత్ గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. ఇచ్ఛాపూర్, హజీరా వైపు మన మాజీ సైనికులు చాలామందే ఉన్నాం. డ్యూటీ, ఇల్లు, పిల్లల చదువు. తాపీ నది అవతల ఉన్న పాత ఊరంటే మనకు చీరల బజారు, అంతే! వీలైన ఆదివారాల్లో కొన్ని కుటుంబాలను వెంటబెట్టుకుని ఆ పాత ఊళ్ళో నడిపించడం నాకు అలవాటైంది. ఈరోజు మిమ్మల్ని కూడా మాటలతోనే నడిపిస్తాను.

ఎందుకు నడవాలంటారా? ఏ పోస్టుకు వెళ్ళినా మనం మొదట చేసిన పని ఏమిటి? చుట్టూ ఉన్న నేలను కాళ్ళతో తెలుసుకోవడం. ఎక్కడ వాగుంది, ఎక్కడ నీళ్ళున్నాయి, ఎటునుంచి ఎవరు రాగలరు అని చూసుకున్నాకే కాపలా. ఉంటున్న ఊరికి మాత్రం ఆ మర్యాద మనం చెయ్యం.

అసలు కథ మన గుమ్మం ముందే మొదలవుతుంది. హజీరా దగ్గర సువాలీ సముద్రతీరం ఉంది కదా, పిల్లల్ని తీసుకుని సాయంత్రాలు వెళుతుంటాం. 1612 సెప్టెంబరు 5న ఈస్టిండియా కంపెనీ ఓడలు వచ్చి ఆగింది అక్కడే. మన భారత నౌకాదళం తన చరిత్రను ఆ రోజు నుంచే లెక్కవేసుకుంటుంది. ఆ ఏడాది నవంబరులో కెప్టెన్ థామస్ బెస్ట్ ఓడలు అక్కడి నీళ్ళలోనే పోర్చుగీసువారిని ఎదుర్కొన్నాయి. ఆ మరుసటి సంవత్సరమే సూరత్‌లో ఇంగ్లీషువారి కోఠీ స్థిరపడింది. ఇంకో మాట వినండి. మన నౌకాదళం కొత్త డిస్ట్రాయర్ల వరుసలో మొదటిది ఐ.ఎన్.ఎస్. విశాఖపట్నం, 2021లో చేరింది. నాలుగోది, చివరిది ఐ.ఎన్.ఎస్. సూరత్, 2025 జనవరి 15న చేరింది. మనం పుట్టిన నేల, మనం ఉంటున్న నేల ఒకే వరుసలో నిలబడ్డాయన్నమాట.

ఇక తాపీ దాటి చౌక్‌కు వద్దాం. ఒడ్డునే కోట. పోర్చుగీసువారు పదేపదే ఊరిని తగలబెడుతుంటే గుజరాత్ సుల్తాను మూడవ మహమూద్ కట్టమన్నాడు. ఖుదావంద్ ఖాన్ 1546 నాటికి పూర్తి చేశాడు. రాళ్ళను ఇనుప బందులతో బిగించి, సందుల్లో కరిగిన సీసం పోశారట. చుట్టూ కందకం. నగరపాలక సంస్థ పుణ్యమా అని ఇప్పుడు కోట బాగుపడింది, లోపల మ్యూజియం పెట్టారు, మెట్లెక్కి చూడవచ్చు.

కోట ఇంత గట్టిదే. మరి 1664 జనవరిలో శివాజీ వచ్చినప్పుడు ఏం జరిగింది? నగర పాలకుడు ఇనాయత్ ఖాన్ ఊరిని వదిలేసి కోటలో దూరి తలుపులు వేసుకున్నాడు. ఐదువందల మంది సైనికుల జీతం ఖజానా నుంచి తీసుకుంటూ, ఆ బలగాన్ని సరిగా పెట్టనేలేదని చరిత్రకారుడు జదునాథ్ సర్కార్ రాశారు. మస్టర్ రోల్ మీద మనుషులున్నారు, గోడ మీద లేరు! ఇంగ్లీషువారు సర్ జార్జ్ ఆక్సెండెన్ నాయకత్వంలో తమ కోఠీ చుట్టూ నిలబడి దాన్ని కాపాడుకున్నారు. ఊరు మాత్రం నాలుగైదు రోజులు మండింది. ఇక్కడికి రాగానే మా నడకలో పిల్లలు తప్పక అడుగుతారు: "తాతగారూ, మరి కోట ఎవరి కోసం కట్టినట్టు?" యూనిఫాం వేసుకున్న ప్రతివాడూ తనను తాను అడుక్కోవలసిన ప్రశ్న అది.

ఆ మంటల్లోనే ఒక ఇల్లు చెక్కుచెదరలేదు. కపూచిన్ సన్యాసుల మఠం. అక్కడ తుపాకులు లేవు, ఫాదర్ ఆంబ్రోజ్ అనే పాద్రీ ఉన్నారు. శివాజీ ఆ ఇంటి జోలికి వెళ్ళలేదని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే తన గ్రంథంలో రాశాడు. ఊరికి మంచి చేసినవాడన్న పేరే ఆ పాద్రీకి గోడ అయింది. తర్వాతి కాలపు ఇంగ్లీషు చర్చి ఒకటి ఊళ్ళో ఉంది. 1825లో బిషప్ హీబర్ వచ్చి దాన్ని ప్రతిష్ఠించారు. ఆయన మరుసటి ఏడాదే తిరుచిరాపల్లిలో కన్నుమూశారు.

చర్చి నుంచి కాస్త నడిస్తే మొగల్ సరాయి. 1644లో షాజహాన్ కాలంలో మక్కా యాత్రికుల బస కోసం కట్టింది. ఈనాటికీ నగరపాలక సంస్థ ఆఫీసు అందులోనే.

ఇక నేల కిందికి దిగుదాం. రోమ్ నగరంలో సాన్ క్లెమెంటే అనే చర్చి ఉంది. పన్నెండో శతాబ్దపు చర్చి కింద నాలుగో శతాబ్దపు చర్చి, దాని కింద ఇంకా పాత రోమన్ ఇళ్ళు, మిత్ర దేవుడి గుడి. 1857లో తవ్వకం మొదలుపెడితే ఒకదాని కింద ఒకటి బయటపడ్డాయి. సూరత్‌లో అలాంటి దొంతర్లు చూడం. ఇక్కడ ఇంటి కింద నీళ్ళుంటాయి. పాత హవేలీల వసారాలో చిన్న మూత తెరిస్తే కింద గదంత తొట్టి. దాన్ని 'టాంకా' అంటారు. సముద్రపు పోటు తాపీలోకి ఎక్కి నీళ్ళు ఉప్పనయ్యే ఊరు ఇది. అందుకని తొలి వానకు కప్పు కడిగి ఆ నీళ్ళు బయటికి వదిలేసి, తర్వాతి వానను గొట్టంతో కిందికి దింపేవారు. సున్నపు గారతో పూసిన గోడలు, వెలుతురు పడకుండా మూత. ఏడాది పొడుగునా తాగే నీళ్ళు! కొళాయిలు వచ్చాక చాలావరకు పూడ్చేశారు. మిగిలినవాటిలో కొన్ని ఎండిపోయి ఉన్నాయి. టార్చి వేసి చూపిస్తే మా పిల్లలు నోరు తెరిచారు. పేరులేని తాపీ మేస్త్రీలు కట్టిన ఆ తొట్లు ఎందరి దాహం తీర్చాయో!

చివరి మజిలీ కతార్‌గాం దర్వాజా దగ్గరి సమాధులు. మనం ఇందాక చెప్పుకున్న ఆక్సెండెన్ 1669లో పోయాడు. తమ్ముడు క్రిస్టఫర్ పక్కనే రెండంతస్తుల గుమ్మటం కింద ఉన్నాడు. దాన్ని మించాలని డచ్చివారు బారన్ వాన్ రీడ్‌కు ఇంకా పెద్ద మంటపం కట్టారు. ఆయన 1691లో ప్రయాణంలోనే చనిపోతే ఇక్కడ పూడ్చారు. చచ్చాక కూడా పోటీయే చూడండి! అయితే వాన్ రీడ్ పేరు నిలిపింది ఆ గుమ్మటం కాదు. మలబారులో అధికారిగా ఉన్నప్పుడు ఇట్టి అచ్యుతన్ అనే నాటువైద్యుడినీ, మరికొందరు పండితులనూ కూర్చోబెట్టుకుని అక్కడి మొక్కల మీద రాయించిన 'హోర్తుస్ మలబారికుస్', పన్నెండు సంపుటాలు. ఆ పక్కన అర్మేనియన్ల సమాధులు నేలకు పరిచినట్టుంటాయి, రాళ్ళ మీద వాళ్ళ లిపి. ఒకప్పుడు ఈ ఊరి వ్యాపారంలో పెద్ద చెయ్యి వాళ్ళది. ఆ లిపి చదివేవాడు ఇప్పుడు సూరత్‌లో దొరకడు.

నన్ను అన్నిటికన్నా కలతపెట్టేది ఆ చదివేవాడు లేని రాయే. మన బందరులోనూ డచ్చివారి సమాధులున్నాయి. అక్కడి సెయింట్ మేరీస్ చర్చి నేల కింద ఆరాబెల్లా రాబిన్సన్ అనే అమ్మాయి ఉంది. ఆమె కోసం ఆ చర్చి కట్టించింది జాన్ పేటర్ అనే సైన్యాధికారి. బందరు పక్కన పుట్టినవాళ్ళలో కూడా ఎందరు చూశారు చెప్పండి?

సూరత్‌కు తెలుగువాళ్ళు ఇప్పుడు కొత్త కాదు. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వైపు మరమగ్గాల మీద బతుకుతున్నాయి. వాళ్ళ పిల్లలకు ఈ ఊరు పుట్టిల్లే. మనం కోటలో తలుపేసుకున్న పాలకుడిలా ఉండాలా, టాంకా కట్టిన మేస్త్రీలా ఉండాలా అన్నది మన చేతుల్లో ఉంది. అందుకే సంఘానికి నాదొక మనవి. ఏడాదికి ఒక ఆదివారం మన పిల్లలనూ ఆ నేతకార్మికుల పిల్లలనూ కలిపి ఈ నడకకు తీసుకెళదాం. నీళ్ళ సీసాలు, ఇడ్లీ పొట్లాలు, ఎండకు టోపీలు చాలు. ఆ పిల్లల్లోంచే ఇద్దరు గైడ్లు తయారవాలి, మనం లేకపోయినా నడక ఆగకుండా. శీతాకాలంలో పెట్టుకుంటే పెద్దవాళ్ళూ నడవగలరు. పేర్లు ఇవ్వదలచినవారికి కాగితం కార్యదర్శి గారి దగ్గరే ఉంది.

జై హింద్!